పరదేశమున పొరుగుధర్మము

చుట్టములు మనకు పుట్టుకతో వత్తురు. స్నేహితులను మనము కోరి సంపాదించుకొందుము. పొరుగువారు మాత్రము మన పుట్టుకనుబట్టిగాని మన కోరికనుబట్టిగాని గాక, మనము కాపురముండు చోటునుబట్టి లభించువారు. తల్లిదండ్రులయెడలను, గురువులయెడలను, అతిథులయెడలను ఎట్లు మెలఁగవలయునో మన యిండ్లలో పిల్లలకు చిన్ననాఁటనుండియు నేర్పుదుము. పొరుగువానియెడల ఎట్లు మెలఁగవలయునో వేఱుగ నేర్పుట యరుదు. దీనికి కారణము లేకపోలేదు. మన ప్రాఁత పల్లెలలో ఒక్కొక్క వీధి యొక్కొక్క కులమువారిదై యుండెను. కాఁబట్టి పొరుగువాఁడనఁగా తఱచుగా చుట్టమే. చుట్టము కానిచో స్వకులజుఁడే. బంధుధర్మమును, కులధర్మమును ఎఱిఁగినవానికి పొరుగుధర్మము ప్రత్యేకముగ నెఱుఁగవలసిన యవసరము తోఁపలేదు.

ఇప్పుడు కాలము మాఱినది. మన యువకులును యువతులును ఉద్యోగములకై పరరాష్ట్రములకును పరదేశములకును పోవుచున్నారు. అచ్చట వారి యింటిగోడ కావలివైపున నుండువాఁడు చుట్టము కాఁడు, స్వకులజుఁడు కాఁడు, స్వభాషీయుఁడైనను కాఁడు. అట్టి చోట రెండేండ్లో అయిదేండ్లో యుండి తిరిగివచ్చువానికి తానున్న వాడయెడల ధర్మమేమైన గలదా? లేక, అద్దె చెల్లించి, పన్ను కట్టి, ఎవరి జోలికిని పోక యుండిన చాలునా? ఈ ప్రశ్న చిన్నదిగఁ గనఁబడును. కాని దీని యడుగున మనుష్యుల ప్రాణములకు సంబంధించిన విషయము కలదని చూపుటకు జపాను దేశమును ఉదాహరణముగఁ గైకొందును.

టోకియో నగరమునకు తూర్పున ఎదొగావా యను వార్డు కలదు. అందు నిషికసాయి యను పేట మనవారికి సుపరిచితము. 2000 సంవత్సరము ప్రవేశించునప్పుడు కంప్యూటరులు తేదీలను తప్పుగ లెక్కించునను భయముచేత, ఆ లోపమును సరిదిద్దుటకై 1990ల దశకపు చివర భారతీయులైన ఇంజనీర్లు పెక్కుమంది టోకియోకు రప్పింపఁబడిరి. నగరమధ్యమునందలి కార్యాలయములకు తోజాయి యను భూగర్భపు రైలులో త్వరగఁ జేరవచ్చును గనుక వారిలో ననేకులు నిషికసాయిలో కాపురముండిరి. నేఁడచ్చట భారతీయుల దుకాణములును, భోజనశాలలును, పాఠశాలయుఁ గలవు. కందిపప్పును చింతపండును దొరకును. వీధిలో తెలుగుమాట వినఁబడుట వింత కాదు. 2019లో మనదేశమునఁ బుట్టి జపాను పౌరుఁడైన పురాణిక్ యోగేంద్ర యనునతఁడు ఆ వార్డు సభకు సభ్యుఁడుగ నెన్నుకొనఁబడెను.

అట్టి పేటకు క్రొత్తగ వచ్చిన తెలుగువాఁడు మొదటి ఆదివారమున ఊరు చూడ బయలుదేరినచో నతనికి మొట్టమొదట తోఁచు విశేషము, వీధులకుఁ బేళ్లు లేకుండుట. మనము వీధిపేరు చెప్పి, యింటి నంబరు చెప్పి, చోటు కనుఁగొందుము. జపానులో వీధులలోఁ బెక్కింటికి నామధేయమే లేదు. పేటను చోమె యను భాగములుగను, ఒక్కొక్క భాగమును వీధులచేఁ జుట్టఁబడిన చదరములుగను విభజించి, ఆ చదరములకును అందలి యిండ్లకును సంఖ్యల నిత్తురు. పూర్వము ఈ సంఖ్యలు చాల చిక్కుగ నుండఁగా 1962లో నొక శాసనముచేసి పెక్కు పట్టణములందు చక్కపఱచిరి. అయినను క్రొత్తవానికి దారి తెలియుట కష్టమే. కావున నతఁడు నడువవలెను, చూడవలెను, అడుగవలెను. అడుగుటకు తగిన చోటును గలదు. కూడళ్లయందు కోబన్ అను చిన్న రక్షకభట నిలయములుండును. వీని యేర్పాటు టోకియోలో 1874లో నారంభమయ్యెను. అందలి భటుఁడు పేట పటమును ఎదుట నుంచుకొని దారి చెప్పును. దారిలోఁ బడియున్న సొమ్ము దొరికినవారును దానిని అచ్చటికే తెత్తురు. సొమ్ము పోఁగొట్టుకొన్నవాఁడు దొరికించుకొన్నవానికి నూటికి 5 మొదలు 20 వఱకు బహుమాన మీయవలెనని శాసనము. అంతమాత్రముచేత ఆ జనుల నిజాయితీ బహుమానమునకే యని తలఁచుట యన్యాయము. తనది కానిదానిని తిరిగి యిచ్చుట తేలిక యగునట్లు దారి చూపుటయు నొక మంచి ప్రభుత్వలక్షణమే.

తరువాత నతఁడు నేర్చుకొనునది చెత్తను వేయు విధము. కాల్చఁదగినది, కాల్చరానిది, సీసాలు, డబ్బాలు, పాతకాగితములు, ఇట్లు విడఁదీసి, ఏ దినమునకు నియమింపఁబడిన దాని నా దినమున, చెప్పిన వేళకు, చెప్పిన చోటనే యుంచవలెను. కాకులు చెదరఁగొట్టకుండ దానిపై వల కప్పుదురు. పలుచోట్ల ఆ స్థలమును తుడుచు పని యిండ్లవారే వంతులవారీగఁ జేయుదురు. పేటసంఘమువారి ప్రకటనలు ఒక పలకకుఁ దగిలింపఁబడి యిల్లిల్లును దిరుగును; చదివినవారు గుఱుతుపెట్టి పక్కయింటికి అందింతురు. క్రొత్తగఁ గాపురము వచ్చినవాఁడు ఎదుటి మూఁడిండ్లకును ఇరుప్రక్కల రెండిండ్లకును బోయి, తువాలో మిఠాయియో యిచ్చి, పలుకరించి వచ్చుట ప్రాఁత యాచారము. ఎదుట మూఁడు, ప్రక్కల రెండు అనునది వారి భాషలో పొరుగునకు పర్యాయపదమే యైనది. మహానగరములలో ఈ యాచారము సన్నగిల్లినను పూర్తిగ నశింపలేదు.

ఇవి యన్నియు మర్యాదలేకదా, ధర్మమని పెద్దపేరు పెట్టనేల యని కొంద ఱందురు. వారి వాదమును త్రోసిపుచ్చుటకు ముందు దానియందలి సత్యమును గ్రహింపవలెను. మన పల్లెలలో పొరుగువాని కన్ను ఎంత కఠినమైనదో యెఱుఁగనివా రెవరు? "ఇరుగుపొరుగువారేమందురో" యను నొక్క మాటచేత చదువు మానిన యాఁడుపిల్లలెందఱు, ఇష్టములేని పెండ్లికిఁ దలయొగ్గినవారెందఱు? అట్టి కన్నులనుండి తప్పించుకొని పట్టణమునకు వచ్చినవానికి, తన్నెవరు నెఱుఁగకుండుట గొప్ప స్వాతంత్ర్యము. జపానువారు సైతము ఈ కష్టము ననుభవించినవారే. 1940లో నచ్చటి ప్రభుత్వము తొనారిగుమి యను పేరుతో సుమారు పది యిండ్లకొక పొరుగుసంఘమును దేశమంతటను నిర్బంధముగ నేర్పఱచెను. యుద్ధకాలమున ఆహారపదార్థముల పంపకము దానిద్వారానే జరిగెను. ఒకరిపై నొకరు కన్ను వేసియుండుటయు దానిద్వారానే జరిగెను. 1947లో అది రద్దయ్యెను. పొరుగుతనము తనంతట మంచిదియు గాదు, చెడ్డదియుఁ గాదు. అది చేతిలోని కత్తివంటిది. కూరయుఁ దఱుగవచ్చును, గొంతుకయుఁ గోయవచ్చును.

అట్లయినచో దానినుండి దూరముగ నుండుటయే మేలు గదా యని మరల ప్రశ్న. కాదనుటకు 1995 జనవరి 17వ తేదీని కోబె ప్రాంతమున వచ్చిన భూకంపము సాక్ష్యము. ఆఱువేల నాలుగు వందలమందికిఁ బైగా మరణించిన ఆ విపత్తులో, కూలిన యిండ్ల క్రింద చిక్కుకొనినవారిలో పెక్కండ్రను వెలికిఁ దీసినవారు ప్రభుత్వ సేనలు గావు, ఇంటివారును ఇరుగుపొరుగువారును. అవాజి ద్వీపమునందలి హొకుదాన్ అను చిన్న యూర, ఏ యింటిలో ఎవరు ఏ గదిలో నిద్రింతురో ఊరివారికిఁ దెలిసియుండెను. కాఁబట్టి వారెక్కడ త్రవ్వవలెనో వెదకనక్కఱలేక అక్కడనే త్రవ్వి, అదే దినమున చిక్కుకొన్నవారి నందఱిని వెలికిఁ దీసిరి. ఇతరుల బ్రతుకులోనికిఁ దొంగిచూచు కన్నే యని మనము దూషించిన యా కన్ను ఆనాఁడు ప్రాణదాత యయ్యెను.

ఎదొగావా వార్డును అట్టి యపాయమునకు దూరముకాదు. రెండు నదుల నడుమ సముద్రమునకుఁ జేరువగ నుండు ఆ పల్లపునేలలో నధికభాగము సముద్రపు పోటుమట్టముకంటె దిగువనున్నది. మహావరద వచ్చునప్పుడు ఇచ్చట నుండవలదు, వార్డు విడిచి పొండని ఆ వార్డు అధికారులే 2019లో పంచిన పటములో ప్రజలకు హెచ్చరిక చేసిరి. ఆ హెచ్చరికను చదువఁజాలని పరదేశికి దానినెవరు తెలుపవలెను? ప్రక్కయింట ఒంటరిగ నున్న ముదుసలి మేడమెట్లు దిగలేదని అతనికెట్లు తెలియును? తెలియకుండుట యను నీ స్వాతంత్ర్యము సుఖదినములలో వరము. కష్టదినమున నదియే శాపము. 2012 జూలైనుండి జపానులో పరదేశీయుల పేళ్లును స్వదేశీయుల పేళ్లతోఁ గలిసి నివాసుల పట్టికలో నెక్కుచున్నవి. శాసనము వానిని నివాసిని జేయఁగలదు, పొరుగువానిని జేయఁజాలదు. అది యిరుపక్షములవారును నడిచివచ్చి చేసికొనవలసిన పని.

ఇంతవఱకు వచ్చిన పిమ్మట, పరిచయమే పొరుగుధర్మమని సిద్ధాంతము చేయ బుద్ధి పుట్టును. కాని యది చాలదు. 1923 సెప్టెంబరు 1వ తేదీని టోకియో, యొకొహామా ప్రాంతములను నాశనము చేసిన మహాభూకంపమును అగ్నియును లక్షమందికిఁ బైగా బలిగొనెను. అప్పుడు యొకొహామాలో భారతీయ వర్తకులు కొందఱుండిరి. వారిలోను కొందఱు చనిపోయిరి. మిగిలినవారిని ఆ యూరివారు ఆదుకొనిరి. ఆ కృతజ్ఞతకు గుఱుతుగ భారతీయ వర్తకులు 1930ల దశకమున నిర్మించి యిచ్చిన జలమండప మొకటి యిప్పటికిని అచ్చట యమషిత యుద్యానవనమునఁ గలదు. ఆ యుద్యానవనము సైతము భూకంపములోఁ గూలిన యిండ్ల శిథిలములను సముద్రపుటొడ్డునఁ బోసి చేసినదే.

అదే దినములలో, అవే పట్టణములలో, మఱొక కథ జరిగెను. కొరియావారు బావులలో విషము కలుపుచున్నారనియు, నిప్పు పెట్టుచున్నారనియు వదంతి పుట్టెను. అది యబద్ధము. కాని పేటపేటనను జనులు కఱ్ఱలును కత్తులును బట్టి రక్షణదళములుగ నేర్పడిరి. దారినిఁ బోవువారిని నిలిపి, జపాను భాషలో కొన్ని మాటలు పలికించి, ఉచ్చారణ తేడాగ నున్నవారిని కొట్టి చంపిరి. ఇట్లు హతులైన కొరియావారు వేలసంఖ్యలో నుందురని పలువురు చరిత్రకారులు చెప్పుదురు. చీనావారును జచ్చిరి. చిబ మండలమునందలి ఫుకుద గ్రామమున, కగావా మండలమునుండి వచ్చిన మందుల బేహారులు, జపానువారే, మాటతీరు వేఱుగ నున్నదను కారణమున తొమ్మండ్రు చంపఁబడిరి, వారిలో పిల్లలునుండిరి. అరకావా నదీతీరమున యొత్సుగి వంతెన చెంత హతులైన కొరియావారి జ్ఞాపకార్థము 2009లో పౌరులొక శిల నిల్పిరి. నిషికసాయినుండి చూచిన నది యదే నదికి ఎగువతీరము.

చదువరు లీ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూతురు గాక. ఆదుకొన్న చేతులును జంపిన చేతులును ఇరుగుపొరుగువారి చేతులే. చంపినవారు తమ పేటను గాపాడుకొనుచున్నామనియే తలఁచిరి. వారికి తమలోఁదమకు పరిచయమునకును ఐకమత్యమునకును లోపములేదు. లోపించినది తమవాఁడు కానివానియెడల న్యాయము. యొకొహామాకుఁ జేరిన త్సురుమి యను చోట రక్షకభటాధికారియైన ఒకావా త్సునెకిచి సుమారు 300 మంది కొరియావారిని, చీనావారిని తన ఠాణాలోనుంచి, వారిని జంపవచ్చిన గుంపునకు అడ్డునిలిచెను. విషము కలిపిన నీరని వారు తెచ్చిన సీసాలోని నీటిని అతఁడు వారి యెదుటనే త్రాగెనని చెప్పుదురు. ఆ మూఁడువందలమందియు నతని స్నేహితులు గారు, పరిచితులు గారు. వారు నేరము చేసిరని ఋజువు లేదు. ఆ యొక్క కారణమే యతనికిఁ జాలెను. కాఁబట్టి పొరుగుధర్మమునకు రెండు పాదములు గలవనుట నా యభిప్రాయము. దగ్గఱివాని నెఱుఁగుట యొకటి; ఎఱుఁగనివానికిని న్యాయము చేయుట రెండవది. మొదటిది లేనియెడల ఆపదలో నొంటరులమగుదుము. రెండవది లేనియెడల గుంపులమగుదుము.

ఇఁక మన సంగతి విచారింతము. జపానులో పరదేశికి అద్దెయిల్లు దొరకుట సులభము గాదు. ఆ ప్రభుత్వపు న్యాయశాఖవారు 2017లో ప్రకటించిన విచారణలో, ఇల్లు వెదకిన పరదేశీయులలో నూటికి సుమారు 39 మంది తాము పరదేశీయులమనియే ఇల్లు నిరాకరింపఁబడితిమని చెప్పిరి. ఇట్టి నిరాకరణము పొందిన తెలుగు యువకుఁడు బాధపడుటయు, కోపించుటయు న్యాయమే. అతని జీతములోఁగాని నడవడిలోఁగాని లోపములేదు, పుట్టుకనుబట్టి త్రోసివేసిరి. అతఁడీ యవమానమును ఇంటికి జాబు వ్రాసిన, తల్లిదండ్రులును కోపింతురు. మంచిదే. కాని హైదరాబాదులోనో విజయవాడలోనో వారి మేడమీఁది వాటాకు అద్దెకు వచ్చినవానిని "మీరేమిటివారు?" అని అడిగి, కులమును బట్టియో, మతమును బట్టియో, తినుతిండిని బట్టియో పంపివేయు నాచారము మన యిండ్లలో లేదా? ఆ ప్రశ్నను నోట నడుగుటకు సిగ్గుపడువారు ఇంటిపేరడిగి సంగతి తెలిసికొందురు. పరదేశమున మనకు గుచ్చుకొన్న ముల్లు స్వదేశమున మనము నాటినదే యని తెలియనంతకాలము మన కోపమునకు బలములేదు.

మన భాషలో వాడ యను మంచి మాట కలదు. దానికి వెలి యను రెండక్షరములను జేర్చి వెలివాడ యను మఱొక మాటను గూడ మనమే కల్పించితిమి. చిరునామా చెప్పినంతనే మనుష్యుని వెల కట్టుటకు అది చాలియుండెను. జపానులోను ఇట్టిది లేకపోలేదు. తోలుపని మొదలగు వృత్తులవారి పల్లెలను బురాకు లని వెలివైచి యుండిరి. 1871లో ప్రభుత్వము ఆ భేదమును శాసనముచేతఁ గొట్టివేసెను. అయినను, ఆ పల్లెల చిరునామాల పట్టికలను రహస్యముగ నచ్చువేసి యమ్ముచుండిరనియు, రెండువందలకుఁ బైగా సంస్థలు ఉద్యోగార్థులను ఏఱివేయుటకై వానిని గొనియుండెననియు 1975లోను తరువాతను బయటఁబడెను. శాసనము పుట్టి నూఱేండ్లు దాఁటినను చిరునామా వెంబడించెను. వారి తప్పును జూచి మనము సంతోషింపవలసిన పనిలేదు. ఒకే రోగమునకు రెండు దేశములు రెండు పేళ్లు పెట్టినవని తెలిసికొనిన చాలును.

పరదేశమున మనవారందఱు నొక్కచోటఁ జేరి కాపురముండుట తప్పా యని కొంద ఱడుగుదురు. తప్పు గాదు. పిల్లలకు మాతృభాష నేర్పుటకును, పండుగ జరుపుకొనుటకును, జ్వరము వచ్చినపుడు గంజికాచి యిచ్చుటకును స్వజనము కావలెను. కాని ఆ కూటము తలుపు గాక గోడ యైనచో అది నష్టము. ముఖ్యముగ నిచ్చట గృహిణుల విషయము తలఁపవలసి యున్నది. భర్త యుద్యోగమునుబట్టి వెంట వెళ్లిన భార్యకు అచ్చట స్వేచ్ఛగ నుద్యోగము చేయు హక్కు లేదు. అనుమతి పొందినచో వారమునకు 28 గంటలవఱకు పని చేయవచ్చును. భర్తకు తెలిసిన యూరు రైలునిలయమునుండి కార్యాలయమువఱకే. చిన్నబిడ్డను తోపుడుబండిలోఁ గూర్చుండఁబెట్టికొని తిరుగు నామెకు ఆటస్థలమును, వైద్యశాలయు, కూరలంగడియు, పక్కయింటి ముదుసలియుఁ దెలియును. వాడను నిజముగఁ గనుఁగొనునది యామెయే. కాని చదువుకొన్న యామెను భాష నేర్చుకొననీయక, "కొన్నాళ్లేకదా" యని యింట నుంచువారు కలరు. భర్త జీతము కొఱకు వెళ్లిన దేశమున భార్యకు మూగతనము పాలుపెట్టుట న్యాయమగునా? ఇంటిసామానుకంటె ముందు ఆమెకు భాష చెప్పు తరగతిని వెదకుట ఆ కాపురపు మొదటి కర్తవ్యము.

కొన్నాళ్లేకదా యను మాటనే యింకను గొంచెము పరీక్షింతము. త్వరలో విడిచిపోవు చోటియెడల బాధ్యత యేమను భావమే దానిలోఁ గలదు. మన దేశమున బాటసారులకై సత్రములు కట్టించినవారును, చెఱువులు త్రవ్వించినవారును, చెట్లు నాటినవారును, ఎదుటివాఁడు కొన్నాళ్లవాఁడని తెలిసియే యవి చేసిరి. ఒకపూట ఆగు బాటసారియు తాను పోవుదుననుకొని సత్రపుబావిని పాడుచేయఁడు. తనవెనుక మఱియొకఁడు దప్పికతో వచ్చునని యతఁ డెఱుఁగును. పరదేశమున నేఁడు మన తెలుగువాఁడు నడచుకొను తీరే, రేపు ఆ తలుపు తట్టు మఱొక తెలుగువానికి ఇల్లు దొరకుటకో దొరకకపోవుటకో కారణమగును. ఒకని నడవడినిబట్టి జాతి నంతను నిర్ణయించుట తప్పే. కాని ఆ తప్పు లోకములో నున్నంతకాలము, వెనుక వచ్చువానియెడల ముందు వచ్చినవాని బాధ్యత తప్పదు.

దగ్గఱనుండు పరాయివాఁడు దూరపుచుట్టముకంటె మేలని జపానువారిలో నొక సామెత కలదు. మనవారును దానిని అంగీకరింతురు. ఐనను అది సగము మాత్రమే సత్యము. ఆ పరాయివాఁడు మేలగుట యతనివలన మాత్రమే కాదు, మనవలనను సిద్ధింపవలెను. ఉద్యోగమునకై బయలుదేరుచున్న బిడ్డకు ఊరగాయ జాడీలు కట్టియిచ్చు తల్లులు దానితోఁగూడ నీ నాలుగు మాటలను గట్టియిత్తురు గాక: చేరిన వారములోనే ఎదుటి మూఁడు తలుపులను, ప్రక్కల రెండు తలుపులను తట్టుము, నీ పేరు చెప్పి వారి పేరడుగుము, ఎవరిమీఁదనైన వదంతి పుట్టినప్పుడు ఋజువడుగువాఁడవు నీవే యగుము, తిరిగివచ్చినప్పుడు మన యింటి మేడమీఁది వాటాకు వచ్చినవానిని ఏమిటివాఁడవని మమ్మడుగనీయకుము.